బుడ్డకారు మీటరుకు సున్నమేసిన దసరా

మొన్న కరీంనగర్ల పని జూసుకోని నేను, నా బిడ్డ ఇంటి దిక్కు మర్లినం. కారు బిడ్డదే, కొత్తది. నడిపేది మాత్రం నేను. నేను ఉండంగ ఇంకొకలు స్టీరింగు పట్టుడు నాకు పడది. గీ సంగతి మా ఇంట్ల అందరికి ఎరుకే. సుల్తానాబాద్ దాటేటాల్లకు పొద్దుమీకింది. కారు లోపటి అంకెలు నాకు జర మసక మసక కొట్టినయ్.

"బిడ్డా, గీ లైట్లు తగ్గినయా?" అని అడిగిన.

ఆమె ఫోన్లకెళ్లి తలెత్తి ఒక్కసారి సూశింది. "లేదమ్మా, మంచిగనే ఉన్నయ్" అని మళ్ల ఫోన్ల తల పెట్టింది.

నేను కారు పక్కకు తీసి ఆపిన. ఎదురుంగ చాయ్ బండి ఉండె. నా మొఖం ఎట్లుండెనో ఏమో, పిల్ల పరేషాన్ అయింది. "ఏమైందమ్మా, పానం మంచిగ లేదా?" అనుకుంట నా చెయ్యి పట్టి సూశింది. పానానికేం కాలేదు. గిప్పుడు నా నోట్లకెళ్లి వచ్చిన మాట నాది కాదు, మా బాపుది. ఎన్నో ఏండ్ల కింద గీ సడక్ మీదనే, గిదే యాళ్లకు, గిదే మాట నన్ను అడిగిండు. "దిగు, చాయ్ తాగుకుంట చెప్త" అన్న. నేను నా చిన్ననాటి ముచ్చట మొదలువెడితె గప్పాలు కొడుతున్ననంటరు మా ఇంట్ల. అననియ్యి. నేను చేసిన పని నేను చెప్పుకోకపోతె ఎవలు చెప్తరు?

మా ఊరు మంథని దిక్కు, గోదారికి జర ఇవతల. చుట్టుపక్కల ఊర్లన్నిట్ల కారున్న ఇల్లు మాదొక్కటే. బొగ్గుబాయిల కాడ పనిచేసిన ఇంగ్లీషు దొర ఒకాయన తన దేశం పోతా పోతా అమ్ముకుంటే మా తాత, అంటే బాపు వాళ్ల నాయిన, కొన్నడట. నల్లగ, పొట్టిగ, గుండ్రంగ ఉంటుండె. దాని అసలు పేరు పలుకుడు రాక ఊరంత బుడ్డకారు అనేటోళ్లు. మేం గూడ గట్లనే అంటుంటిమి.

దాని తలుపు తీస్తే ఒక వాసన వచ్చేది. తోలు సీట్ల వాసన, పెట్రోలు వాసన, తాత తాగిన చుట్టల వాసన, వాటన్నిటి కింద మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఎప్పుడో తల్లిగారింటికెళ్లి తెస్తా తెస్తా ఒలకబోసిన మామిడికాయ తొక్కు వాసన. ఎన్ని మాట్ల తుడిచినా గా తొక్కు వాసన పోలే. నాకైతే అసలు కారంటేనే తొక్కు వాసన అనుకునేదాన్ని. పట్నంల వేరేటోళ్ల కారు ఎక్కినప్పుడు గా వాసన రాకుంటే, పాపం వీళ్ల కార్ల ఏం లేదు అనుకున్న.

ఇగ మీటరు. గిప్పటి కార్లల్ల లెక్క స్టీరింగు ఎనుక కాదు, ముందట నడుమల ఉంటుండె, చిన్న తల్లెమంత. ఎంత జోరుగ పోతున్నమో చెప్పే పెద్ద ముల్లు, దాని కింద పెట్రోలు ముల్లు. పొద్దుమీకినంక బటన్ గుంజితే అద్దం అంచులకెళ్లి పచ్చటి వెలుతురు లోపలికి దిగేది. వరి నారు రంగు. గా వెలుతురుల బాపు మొఖం సూసుడంటే నాకు మస్తు ఇష్టం. మీసాలు సుత పచ్చగ అయ్యేటియి.

కారు మాదే గని, ఊరందరిది అన్నట్టు ఉంటుండె. కాన్పు కష్టమైనా, పాము కరిచినా, ఎవలకన్న కడుపునొప్పి లేచినా మా దర్వాజ ముందటికే వచ్చేటోళ్లు. బాపు అన్నం ముంగట కూసున్నా చెయ్యి కడుక్కోని లేచెటోడు. కరీంనగర్ పెద్ద దవాఖాన దాంక ఒక్క తీర్గ నడుపుడే. ఒక పిలగాడు తొవ్వల్నే, వెనుక సీట్ల పుట్టిండు. వాన్ని ఇయ్యాల్టికి ఊర్లె కారోడు అనే పిలుస్తరు. వానికి మనుమలు పుట్టిండ్రు, అయినా కారోడే.

మా తాతకు చివరికి చూపు పోయింది. మొదలు పొద్దుమీకినంక తల్లెల ఉప్పు యాడున్నదో కనవడకపోయేదట. అటెనుక మనుషులు కనవడలే. ఆఖరికి పగలు గూడ చీకటే. నాకు యాదికున్న తాత నా భుజం పట్టుకోని కారు కొట్టంలకు నడిచే తాత. సీట్ల కూసోని మీటరు అద్దం మీద వేళ్లతోని నిమిరేటోడు. నేను గూడ పక్కపొంటి ఊకె కూసునేదాన్ని. తాత పోయినంక ఆ సంగతి ఇంట్ల ఎవలు ఎత్తకపోయేది, బాపు అయితే అసలే ఎత్తకపోయేది.

నాకు పదేండ్లో పదకొండో ఉన్ననాడు, వానకాలం పోయి బతుకమ్మ దినాలు దగ్గరపడ్డయ్. చెల్కల పొంటి తంగేడు పూసింది. అప్పుడు జరిగింది గీ ముచ్చట. బాపు పొద్దుండంగనే ఇల్లు చేరుడు మొదలువెట్టిండు. పెద్దపల్లికి పోతే కందిలి ముట్టిచ్చే యాళ్లకు గని రానోడు, మూడు గొట్టంగనే బయలెల్లి వచ్చేటోడు. అవ్వ సంబురపడ్డది. నేను గూడ సంబురపడ్డ. ఎవలకు మాత్రం అనుమానం వస్తది?

ఒకనాడు మునిమాపుకు సాలెవాడకెళ్లి ఒకాయన ఉరుక్కుంట వచ్చిండు. భార్యకు నొప్పులు లేచినయట. "పటేలా, జర బండి తీయిండ్రి, నీ కాల్మొక్కుత" అన్నడు. బాపు అరుగు మీద నిలవడ్డడు. కారు కొట్టం దిక్కు సూశిండు, మొగులు దిక్కు సూశిండు.

"బండి ఖరాబైందిరా" అన్నడు.

నేను నోరు తెరిచిన. పొద్దుగాలనే నన్ను బడికాడ దించి వచ్చిన బండి! అవ్వ నా నోరు మూసింది. వాళ్లు ఎడ్ల బండి కట్టుకోని పెద్ద సడక్ దాంక పోయి, బస్సు పట్టుకోని పోయిండ్రు. దేవుని దయ, తల్లీ పిల్లా మంచిగనే ఉన్నరు, మూడో నాటికి కబురొచ్చింది. గని బాపు ఆనాడు అన్నం ముట్టలే. కబురొచ్చినంక గూడ సరింగ తినలే.

తెల్లారి పొయ్యికాడ అవ్వ జొన్నరొట్టెలు కాలుస్తుంది. నేను పక్క అర్రల ఇంక పండుకోనే ఉన్న. బాపు మెల్లగ చెప్తుండు.

"నిన్న అబద్ధమాడిన. పొద్దుమీకినంక నాకు మీటర్ల అంకెలు కనవడుతలేవే. ముల్లు యాడున్నదో తెలుస్తలేదు. మా నాయినకు గూడ గిట్లనే మొదలైంది."

"బండికే ఏమన్నయిందో!" అన్నది అవ్వ.

"మిస్త్రీకి చూపెట్టిన. బల్బు జలుస్తనే ఉంది పటేలా, బండికేం కాలే, మీ కండ్లే జర చూపిచ్చుకోండ్రి అన్నడు."

"మరి చూపిచ్చుకుందాం పా, కండ్ల డాక్టరు కాడికి."

"పోతె ఖాయం చేస్తడు. నాయినకు చేసినట్టే. నాకు ధైర్యం చాలుతలేదు. వెనుక సీట్ల రెండు పానాలు పెట్టుకోని పోవుడు. తొవ్వల నా కండ్లు ఆగమైతే? దసరాకు ఆఖరి పూజ చేసి అమ్మేద్దాం. తమ్ముడు జగిత్యాల సేటు ఒకలను మాట్లాడిండు. పండుగ తెల్లారి వస్తడట."

రొట్టె మాడిన వాసన వచ్చింది. మా అవ్వ రొట్టె మాడుడు నేను గదే మొదలు సూసుడు. దుప్పటి నోట్ల కుక్కుకోని నేను ఏడ్చిన. కారు పోతదని కాదు, అబద్ధమెందుకు, కారు పోతదని గూడ. గని బాపు నా భుజం పట్టుకోని నడిచే దినం నా కండ్ల ముంగట మెదిలింది. నాకు తాత నడక యాదికుండె గదా.

గా దినమే మా ఇంట్ల సున్నాలు. పండుగకు ముందుగాల ఇల్లంత సున్నమేసుడు ఊరంత ఉన్నదే గని, మా దిక్కు ఒక పద్ధతుంది. మొదటి కుంచె దీపం గూటికే పడాలె. దర్వాజకు ఇరుపక్కల గోడల రెండు గూండ్లు ఉంటుండె. ఏడాదంత దీపం మసి పట్టి కాటుక లెక్క నల్లగైతయ్. వాటిని గీకి, కడిగి, సున్నమేసి, పొద్దుమీకినంక వాటిల దీపం పెట్టినంకనే మిగిలిన గోడలకు చెయ్యి పెట్టాలె. నా చేతులు సన్నగ ఉంటయని గూండ్ల పని నాదే. అవ్వ ఇల్లంత తిరుగుకుంట "గూట్ల మూలలకు అంటించినవా పోరీ?" అని అరిచెటిది.

గా గూండ్లు నాకు మాయ లెక్క అనిపిచ్చేటివి. అదే ప్రమిద, అదే వత్తి, అదే నూనె. నిన్నటి దాంక గూడు దాటని వెలుతురు, సున్నమేసిననాడు వాకిట్ల ముగ్గు దాంక పారేది. ఏడాదికొకసారి గా వెలుతురు సూసుడంటే నాకు పండుగ కన్న ఎక్కువ.

ఆనాడు గూండ్లు కాంగనే, సున్నం చేతులతోనే, కారు కొట్టంలకు పోయిన. కారును ఆఖరిసారి సూద్దామని. తలుపులు దగ్గరకేసుకుంటె లోపల పగలే చీకటి. బాపు సీట్ల కూసున్న. స్టీరింగు పట్టుకోని జర ఏడ్చిన. అటెనుక లైటు బటన్ గుంజిన, గా పచ్చటి వెలుతురు ఒక్కసారన్న సూద్దామని.

ఏం కనవడలే. అద్దం అంచున ఏదో పాసిపోయినట్టు సన్నటి మెరుపు. అంకెలు లేవు. ముల్లు లేదు. మొఖం అద్దానికి తాకిచ్చి సూశిన. ఇరువైయో, ఇరువై తీర్గ ఇంకోటో!

గీడ మీకొకటి చెప్పాలె. మా వాడల నా కండ్లకు మస్తు పేరుండె. ముసలోళ్లందరు సూదిల దారం ఎక్కిచ్చుకునేది నాతోనే. బియ్యంల మెరిగె నా కంటికి తప్పిచ్చుకోకపోయేది. ఆకాశంల కొంగల గుంపు పోతుంటె ఎన్నున్నయో చెప్పు అని మా కాక, బాపు తమ్ముడు, పందెం కాసి ఓడిపోయేటోడు. అసొంటి నాకే కనవడుతలేదు!

ఉరికిన. "అవ్వా! మీటర్ల అంకెలు నాకు గూడ కనవడుతలేవు!"

అవ్వ చేతులకెళ్లి సున్నం బకీటు జారింది. నా రెండు చెంపలు పట్టుకోని, కనురెప్పలు లేపి లేపి సూశింది. "అయ్యో దేవుడా, తాత రోగం పిల్లకు గూడ తగిలిందా!" అని కూలవడ్డది. నేను మంచి మాట చెప్దామని ఉరికి వస్తే, ఆమె ఇంక ఆగమైంది.

"నీ కండ్లతోని సూడు పా" అని గుంజుకపోయిన.

అవ్వ కార్ల కూసోని సూశింది. కొంగుతోని అద్దం తుడిచి సూశింది. తల వంచి, తల తిప్పి సూశింది. అటెనుక నెమ్మదిగ నా దిక్కు తిరిగింది.

"నాకు గూడ కనవడుతలేదు. మీ బాపుకు మీ తాత రక్తం. నీకూ ఆయన రక్తమే. మరి నేను నిర్మల్ దాన్ని గదనే! నాకెందుకు కనవడుతలేదు?"

మా అవ్వ బడికి పోలే. గని గా మాట అన్నప్పుడు నాకు ఆమెను లాయరు కుర్చీల కూసోబెట్టాలె అనిపిచ్చింది. ఇప్పటికీ అనిపిస్తది.

బాపుకు అప్పుడే చెప్పొద్దన్నది. "మనం ఓదార్చుడనుకుంటడు. చేసి సూపియ్యాలె" అన్నది. బాపు పొలం కాడున్నడు. అవ్వ కుట్టు మిషను డబ్బలకెళ్లి చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చింది. మిస్త్రీ బండి విప్పినప్పుడల్ల నేను పక్కనే నిలవడి కండ్లల్ల వత్తులేసుకోని సూశిన, గందుకే తొవ్వ ఎరుక. ముందుగాల బ్యాటరీ తీగ ఊడదీసిన. అది బాపు నేర్పిందే. మీటరు ఎనుక సందుల అవ్వ చెయ్యి పట్టలే, నాది పట్టింది. మరలు తిప్పి, తీగెలు విడదీసి, మీటరును పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి అవ్వ ఒళ్ల పెట్టిన. ఏ తీగె యాడిదో మర్చిపోకుంట ఒక్కొక్కదానికి ఒక్కో రంగు బట్టపేలిక కట్టింది అవ్వ.

బల్బు కూసునే ఇత్తడి గూడు పచ్చగ చిలుము పట్టి ఉండె. అవ్వ నవ్వింది. "గింతేనా? ఏటా బిందెలు తోముతలేనా?" అని చింతపండు పెట్టి తోమి, కడిగి, కొంగుతోని తుడిచి ఎండకు పెట్టింది. బల్బు బుడ్డి మీది మసి గూడ తుడిచింది. అద్దం చుట్టున్న కడాన్ని సత్తుడబ్బ మూత లెక్క తిప్పితే అద్దం ఊడొచ్చింది. లోపలికి తొంగి సూశిన.

లోపలి అంచు గోడ ఒకప్పుడు తెల్లగ ఉండెనేమో. గిప్పుడు నల్లగ, మసి పట్టి, అచ్చం పొద్దుగాల నేను గీకిన దీపం గూడు లెక్కనే ఉన్నది.

"అవ్వా, గూడు!" అన్న.

ఇంకేం చెప్పే అవసరం రాలే. అవ్వ లేచి సున్నం బకీటు తెచ్చింది. అంకెల మీద కాయితం ముక్క కప్పినం. పుల్లకు దూది చుట్టి, గూట్ల మూలలకు అంటించినట్టే, మీటరు లోపలి గోడంత నేనే తెల్లగ సున్నమేసిన. రెండు పూతలు. ఆరేదాంక ఇద్దరం పక్కపొంటి కూసోని సత్తుపిండి ముద్దలు తిన్నం. చేతులకు సున్నం, మూతికి సత్తుపిండి. నాకు గా సల్లటి పగలు ఎన్నడు మతిలకెళ్లి పోదు.

ఆరినంక బట్టపేలికల గుర్తు పట్టి మీటరును మళ్ల దాని చోట్లనే బిగిచ్చినం. పొద్దుమీకంగ బాపు వచ్చిండు. కాళ్లు కడుక్కున్నడు. కాక గూడ వచ్చిండు. మంచోడే, అన్న మీద పానం పెట్టుకున్నోడు; జగిత్యాల సేటు ధర ఒప్పుకున్నడని చెప్పవచ్చిండు.

"బాపూ, జర కారు కాడికి రా" అన్న.

"ఎందుకు బిడ్డా?"

"రా, చెప్తె రావాలె" అని అవ్వ కసిరింది. అవ్వ బాపును గట్ల కసురుడు కాక ఎన్నడు సూడలే, ముక్కు మీద వేలేసుకున్నడు.

బాపు సీట్ల కూసున్నడు. మొఖం వేరే దిక్కు పెట్టుకున్నడు, కనవడనిది సూసుడెందుకని. నేను పక్కకెళ్లి చెయ్యి పెట్టి బటన్ గుంజిన.

పచ్చటి వెలుతురు కార్లంత నిండింది. నేను ఇదివరకు సూశినదాని కన్న ఎక్కువ. బాపు మీసాలు పచ్చగ అయినయ్. మెల్లగ మొఖం ఇటు తిప్పిండు. వేలు పెట్టి, ఒకటో తరగతి పిలగాని లెక్క సదివిండు. "పది. ఇరువై. ముప్పై. నలుబై." మళ్ల మొదటికెళ్లి సదివిండు.

"ఎవలు చేసిండ్రు?" అన్నడు.

"నీ బిడ్డ" అన్నది అవ్వ. తను తోమిన చిలుము మాట ఎత్తలే.

బాపుకు ఇంక నమ్మకం కుదరలే. "ఎక్కుండ్రి" అన్నడు. నలుగురం ఎక్కినం. ఊరి బయటి మట్టి బాట మీదికి తీసిండు. "అన్నా, నిమ్మళం, నిమ్మళం" అని కాక వెనుకకెళ్లి మొత్తుకుంటుండు. ముల్లు ముప్పై దాటింది. బాపు ఒక్కో అంకె పైకే చెప్పుకుంట నడుపుతుండు. అప్పుడు పెద్ద గుంత ఒకటి తగిలింది. బండి ఎగిరి పడ్డది.

సున్నం రాలింది! గోడల సున్నం వేరు, ఎగిరి పడే బండ్ల సున్నం వేరు అని మా ఇద్దరి బుర్రలకు తట్టలే. పొలుసులు పొలుసులుగ ఊడి అద్దం లోపల పడ్డయ్. ముల్లు ముప్పైఐదు కాడ ఇరుక్కున్నది. బాపు బండి ఆపిండు. బండి ఆగింది గని ముల్లు ఇంక ముప్పైఐదు మీదనే పోతుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "నేను చెప్పలే? ఇగ సేటుకే..." అని కాక మొదలువెట్టిండు.

బాపు నవ్వుడు షురూ చేసిండు. మొదలు మెల్లగ, అటెనుక స్టీరింగు మీద తల పెట్టి. ఎన్ని దినాలకో బాపు నవ్వుడు.

"అరే, సూడుండ్రి! ముల్లు మీద చిన్న పొలుసు, ఏడు అంకె అసొంటిది! గిటు పక్క ఇంకోటి, నువ్వు గింజంత! పెట్రోలు ముల్లు కింద మూడు రవ్వలు!" వేలుతోని ఒక్కొక్కటి చూపెట్టిండు. నేను దగ్గరకు వంగి సూశిన. నువ్వు గింజంతది నిజంగనే ఉండె. నా కన్న ముందుగాల బాపు సూశిండు. నా కండ్ల కన్న ముందుగాల!

"నా కండ్లు మంచిగున్నయే! మంచిగున్నయ్!" అని అవ్వ చెయ్యి పట్టుకున్నడు. మా ముంగట ఎన్నడు గట్ల పట్టుకోలే. కాక మొఖం బయటి దిక్కు తిప్పుకోని ముక్కు చీదిండు. నేను ఏడ్చిన, నవ్విన, మళ్ల ఏడ్చిన.

దసరా నాడు కారును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ ఏసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినం. బాపు కొబ్బరికాయ నాతోని కొట్టిపిచ్చిండు. ఇంట్ల మొగపిల్లలున్నా నాతోనే. తెల్లారి జగిత్యాల సేటు వస్తే గారెలు పెట్టి, చాయ్ పోసి, "కారు అమ్ముతలేం సేటూ. మా మిస్త్రీ ఒప్పుకుంటలేదు" అన్నడు.

"ఎవలు మీ మిస్త్రీ? నేను మాట్లాడుత" అన్నడు సేటు.

బాపు నన్ను చూపెట్టిండు. నేను అప్పుడు గారె తింటున్న. సేటు నన్ను కిందికెళ్లి మీదికి సూశి, ఏమనాల్నో తెలువక ఇంకో గారె తీసుకున్నడు.

సున్నం నిలువదని తెలిసింది, మరి నిలిచేదేంది? అవ్వ తల్లిగారిల్లు నిర్మల్ల బొమ్మలు చేసెటోళ్ల వాడ పక్కనే. ఎండకాలం సెలవులల్ల మేం గా బొమ్మల నడుమనే తిరిగెటోళ్లం. చెక్క బొమ్మకు రంగులెయ్యకముందు చింతగింజల జిగురుల తెల్లమట్టి కలిపి పూతేస్తరు. గది ఆరినంక బొమ్మ చేతులకెళ్లి జారి బండ మీద వడ్డా ఊడది. పండుగైనంక బాపు మమ్మల్ని ఎక్కిచ్చుకోని, జగిత్యాల మీదికెళ్లి, గోదారి దాటి నిర్మల్ తీసుకపోయిండు. పగటి పూటే, ముల్లు ముప్పైఐదు మీదనే.

మా అమ్మమ్మ మాటల సగం మరాఠీ కలిసేది. మీటరు తీసి అరుగు మీద పెట్టంగనే బుగ్గ నొక్కుకున్నది. "కాయ్ బాయీ! ఏనుగు బొమ్మకు ఏసే తెలుపు కారుకు ఏస్తవా?" అన్నది. బొమ్మల వాడ పిల్లలంత చుట్టు మూగిండ్రు. పక్కింటామె తెల్లపూత చిప్పల పోసి కుంచె నా చేతికే ఇచ్చింది. నేను రాలిన సున్నమంత దులిపి, ముల్లు విడిపిచ్చి, గోడకు పూసిన. ఆరబెట్టిన. గీకిన. మళ్ల పూసిన. బాపు అరుగు మీద కూసోని, తొవ్వంట పోయేటోళ్లను అందరిని పిలిచి పిలిచి చెప్తుండు, "మా బిడ్డ, మీటరు చేస్తుంది" అని. అడిగినోళ్లు లేరు, అయినా చెప్తుండు.

వాపసు వచ్చెటప్పుడు కావాలెనని పొద్దుమీకినంక బయలెల్లిండు. గుంత కనవడితే పక్కకు తీయకుంట దానిమీదికే పోనిచ్చిండు. ఒక్క రవ్వ రాలలే.

గా పూత రాలనే లేదు. ఎన్ని కాన్పులు, ఎన్ని పాము కాట్లు గా పచ్చటి వెలుతురుల కరీంనగర్ చేరినయో! కారు ఎక్కినోళ్లందరికి బాపు మీటరు చూపెట్టెటోడు. ఒకామె నొప్పులు పడుకుంటనే, "మంచిగుంది పటేలా, జర జల్ది నడుపుండ్రి" అన్నదట. నా కాళ్లు అందినంక బాపే నాకు నడుపుడు నేర్పిండు. ఆడపిల్లకు స్టీరింగెందుకని ఊర్లె అన్నోళ్లున్నరు. "మీటరు విప్పినప్పుడు ఆడపిల్ల కాదా?" అని బాపు అన్నడు, ఇంక ఎవలు నోరు తెరవలే.

ఎన్నో ఏండ్లకు, నాకు పెండ్లయి, పిల్ల చంకల ఉన్ననాడు, గీ సడక్ మీదనే బాపు, నేను కరీంనగర్ కెళ్లి వస్తున్నం. బాపు నడుపుతుండు. పొద్దుమీకింది. బాపు మీటరు దిక్కు వంగి సూశిండు. అటెనుక అడిగిండు.

"బిడ్డా, లైట్లు తగ్గినయా?"

నేను మీటరు దిక్కు సూశిన. పచ్చటి వెలుతురు నిండుగ ఉండె. ప్రతి అంకె, ముల్లు కొస, నా చేతి తెల్లపూత, అన్ని కనవడుతున్నయ్. "అవును బాపూ, బల్బు మార్చాలె" అంటే అయిపోయేది. నోటి దాంక వచ్చింది గా మాట. గని బాపు అడిగింది నన్ను. డాక్టరును అడగనోడు నన్ను అడిగిండు. నా కండ్ల మీద గంత భరోసా పెట్టుకున్న మనిషికి అబద్ధమెట్ల చెప్పుదు?

"లేదు బాపూ. మంచిగనే ఉన్నయ్" అన్న.

బాపు తల ఊపిండు. బండి పక్కకు తీసి ఆపిండు. దిగిండు. కారు ముంగటికెళ్లి నడిచి, నడుస్తా నడుస్తా దాని ముక్కు మీద చెయ్యి పెట్టి నిమిరి, నా పక్క తలుపు తీసిండు. "ఇగ నువ్వు పట్టు" అన్నడు. నేను పిల్లను ఆయన ఒళ్ల పెట్టి, అటు పోయి కూసోని స్టీరింగు పట్టిన. ఊరు చేరేదాంక ఎదురొచ్చినోళ్లందరికి, అద్దంల నుంచి తల బయట పెట్టి, "మా బిడ్డ నడుపుతుంది, సూశిండ్రా?" అని ఒర్రుతనే ఉన్నడు. ఆ తెల్లారే కండ్ల డాక్టరు కాడికి తీసుకపోయిన. ఈసారి నాతోని వచ్చిండు, భయపడలే. పగటి చూపు ఆఖరి దాంక నిలిచింది. రాత్రి బండి మాత్రం ఇగ నాదే అయింది. అదే పచ్చటి వెలుతురు, అదే దవాఖాన తొవ్వ, పక్క సీట్ల బాపు. అర్ధరాత్రి లేపినా ఆయనే ముందు తయారయ్యెటోడు.

బుడ్డకారు ఇగ లేదు. కొట్టం గూడ కూలింది. మీటరు ఒక్కటి తీసి నా దగ్గర పెట్టుకున్న. అద్దం విప్పి సూస్తే లోపల నా కుంచె గీతలు ఇంక తెల్లగనే ఉన్నయ్.

చాయ్ సల్లారింది. నా బిడ్డ గిలాస కింద పెట్టింది. ఆనాడు బాపు ఒళ్ల ఉన్న పిల్ల ఆమెనే. "అమ్మా, అయితే నేను గిందాక మంచిగనే ఉన్నయ్ అన్నది..." అని ఆగింది. కండ్లల్ల నీళ్లు. "అనకుంట ఉండాల్సిందేమో."

"ఎందుకుండాలె? సూశినది చెప్పినవ్. నా బిడ్డవు గదా!" అన్న.

లేచిన. కారు ముంగటికెళ్లి నడిచిన. నడుస్తా నడుస్తా దాని ముక్కు మీద చెయ్యి పెట్టి నిమిరిన. తొక్కు వాసన రాని కారు, పాపం, అయినా మంచిదే. ఎడమ పక్క తలుపు తీసి కూసున్న.

"ఇగ నువ్వు పట్టు" అన్న.

తెల్లారి కండ్ల డాక్టరు కాడికి పోయినం, తీసుకపోయింది గూడ ఆమెనే. గని అంతకంటె ముందు, చాయ్ బండోడు గిలాసలు తీసుకపోను వచ్చిండు. అద్దం దించి, తల బయట పెట్టి వానికి చెప్పిన.

"మా బిడ్డ నడుపుతుంది, సూశినవా?"